పాత గేటు

“ఏం చెయ్యాలో ఒక చీటీ మీద రాసి పెట్టెయ్. అంతా నేను చూసుకుంటాగా!” అన్నాడు మా ఆయన.

నేనప్పుడు సోఫా మీద కుప్ప పోసిన ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. కుప్పకి ఆ చివర ఆయన కూర్చుని, తన మీదికి జారిన చొక్కాని మెల్లగా నా వైపు తోసి మరీ అన్నాడు ఆ మాట. వెటకారం కాదు, దెప్పిపొడుపూ కాదు, నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. మూడు వారాలు నేను వేరే ఊరు వెళ్ళాల్సి రావచ్చు అంటే ముఖం ముడుచుకోని భర్తలు ఎంతమంది ఉంటారు చెప్పండి. అందుకే ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో నాకు వెంటనే తెలియలేదు. రెండు దుప్పట్లు, బుజ్జిదాని స్కూలు బట్టలు, అత్తయ్య తువాళ్ళు మడతపెట్టేశాక తెలిసింది. ఆ సోమవారం పొద్దున్నే ఆఫీసులో మా మేనేజరు కూడా అచ్చం ఇదే మాట అన్నాడు.

“చూడమ్మా, నీ బుర్రలో ఉన్నదంతా ఒక డాక్యుమెంటులో పెట్టి మన మెరుపుకి ఇచ్చెయ్. మిగతాది అతను చూసుకుంటాడు. నీకు ఇల్లూ, పాపా, పెద్దావిడా... మూడు వారాలంటే మాటలా? నిన్ను ఇబ్బంది పెట్టడం దేనికని నేనే ఆలోచించి అతని పేరు పంపించాను. శుక్రవారం ఖాయం చేస్తాం.”

నన్ను అడగలేదు. ఆలోచించాడట, అంతే. నా గురించి నాకంటే ముందే ఆలోచించి పెట్టేవాళ్ళు నా జీవితంలో ఎప్పుడూ తక్కువ లేరు.

మాది నదుల్లో నీటిమట్టం ముందుగా లెక్కగట్టి చెప్పే ఆఫీసు. ఎగువన ఇంత వాన పడితే, దిగువన ఫలానా వంతెన దగ్గర ఎన్ని గంటలకి ఎంత నీరుంటుందో చెప్పే ప్రోగ్రాం నాది. మూడేళ్ళు రాశాను. నది మొత్తాన్ని ఒక్క ప్రాసెసే, అంటే మెషీన్‌లో నడిచే ప్రోగ్రాం ప్రతి ఒక్కటే, లెక్కేస్తూ కూర్చుంటే వరద వచ్చి వెళ్ళిపోయాక లెక్క తేలుతుంది. అందుకని నదిని పదహారు ముక్కలు చేశాను. మొదట ఒక తల్లి ప్రాసెస్ లేస్తుంది. అది నది చిత్రమంతా సిద్ధం చేసుకుని, తనలాంటివే పదహారు పిల్లల్ని పుట్టించి, తలా ఒక ముక్క అప్పగిస్తుంది. అందరూ ఒకేసారి పనిలో పడతారు. పుట్టిన క్షణానికి తల్లికి తెలిసినదంతా పిల్లలకీ తెలుసు. ఆ మరుక్షణం నుంచి ఎవరి మెమరీ వాళ్ళది. గంటగంటకీ కొత్త వాన లెక్కలు వచ్చేది తల్లికి. అవి పిల్లలకి తెలియాలంటే తల్లి పనిగట్టుకుని పంపాల్సిందే.

ఆ పంపడంలోనే ఉంది అసలు చాకిరీ. ఒక్క అంకెని పంపడం తేలిక. నది ఒక్క అంకె కాదు. పాయలు, పాయకో పిల్లపాయ, ఒక్కోదానికీ ఒక లోతు, ఒక మట్టం. నా ప్రోగ్రాంలో ఒక పాయ దగ్గర దాని పిల్లపాయ ఉండదు. అది మెమరీలో ఎక్కడుందో చెప్పే అడ్రస్ ఉంటుంది. ఆ అడ్రస్ పంపేవాళ్ళ మెమరీలోది. దాన్ని పట్టుకుని అవతలివాళ్ళు వెతికేది తమ మెమరీలో. అక్కడ ఆ చోట ఏముందో దేవుడికెరుక. అందుకని నాలుగు వందల లైన్లు రాశాను. ఒక్కో అడ్రస్ దగ్గరికీ స్వయంగా వెళ్ళి, అక్కడున్న సరుకునే పైకి తీసి, వరసగా పేర్చి, మూటగట్టి పంపి, అవతల మూట విప్పి మళ్ళీ నదిగా అల్లే లైన్లు. అవి సరిగ్గా పనిచేసినన్నాళ్ళూ అవి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఇంట్లో నేను చేసే పనుల్లో సగం ఆ జాతివే కాబట్టి నాకేమీ కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు ఆ ప్రోగ్రాంని వానలు మొదలయ్యేలోగా వేరే ఊళ్ళో ఉన్న పెద్ద మెషీన్ల మీద ఎక్కించాలి. ఎవరు వెళ్ళి ఎక్కిస్తే ఇక అది వాళ్ళ చేతి కింద ఉంటుంది. నది గురించి ఏ ఫోను వచ్చినా వాళ్ళకే వస్తుంది. అంటే శుక్రవారం దాటితే నా మూడేళ్ళూ ఒక డాక్యుమెంటుగా మిగులుతాయి. పైన ‘రాసినవారు’ అని నా పేరు ఉంటుంది, చిన్న అక్షరాల్లో.

మెరుపు మీద నాకు కోపం లేదు. చేతిలో పెట్టిన పని సాయంత్రానికల్లా తెచ్చి ఇస్తాడని అందరూ అతన్ని అలా పిలుస్తారు. నాకంటే రెండేళ్ళు వెనక చేరాడు. టీ తాగాక తన కప్పుతో పాటు నాది కూడా కడిగి పెట్టే మగవాడు మా అంతస్తులో అతనొక్కడే. మంగళవారం ఉదయం నా సీటు దగ్గరికి వచ్చి, “మేడమ్, మీ నాలుగు వందల లైన్లూ చూశాను. ఎందుకింత చాకిరీ? ఈ పాయల నిర్మాణాన్ని ఉన్నదున్నట్టు ఒక్క లైన్లో పంపేయొచ్చుగా?” అన్నాడు. “పంపి చూడు, కుప్పకూలుతుంది” అన్నాను. పంపాడు. కూలలేదు. జవాబులు చక్కగా వచ్చాయి, అదీ సగం సమయంలో. మధ్యాహ్నానికి మేనేజరు అతని భుజం తట్టి, “చూశావా అమ్మా, కొత్త కళ్ళు పడితే ఎంత తేడానో!” అని నా వైపు చూసి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకు కూలలేదో ఎంత ఆలోచించినా తట్టలేదు. మూడేళ్ళు నేను అనవసరంగా గొడ్డుచాకిరీ చేశానా అన్న అనుమానం ఆ రోజంతా నా వెంటే తిరిగింది.

అయినా వెళ్ళాలన్న ఆశ చావలేదు. మేనేజరుతో మాట్లాడే ముందు ఇంటి సంగతి తేల్చుకోవాలనుకున్నాను. నేను లేకుండా ఇల్లు నడుస్తుందని రుజువైతే అతని నోరు మూతపడుతుంది కదా. అందుకని బుధవారం ఒక ట్రయల్ పెట్టాను. పొద్దున ఏడింటికి వెళ్ళిపోయి, రాత్రి భోజనాల వేళకి వస్తాను. ఆ రోజు ఆయన ఇంటి నుంచే పని చేస్తాడు. “చీటీ ఒక్క పేజీ దాటకూడదు సుమా! ఆఫీసు మెమోలా ఉంటే నేను చదవను” అని నవ్వాడు. నవ్వుతూనే రాశాను. పాలు, గుడ్లు, గ్యాసు. అత్తయ్య మధ్యాహ్నం మాత్ర, ఎప్పుడూ పెట్టే చోటే ఉంది. బుజ్జిది, మూడింటికి స్కూలు గేటు దగ్గర. ముప్పావు పేజీలో అయిపోయింది. ఇల్లంతా ముప్పావు పేజీలో పట్టేసిందని నాలో నేనే మురిసిపోయాను కూడా.

మూడూ ఇరవైకి స్కూలు నుంచి నాకు ఫోను. “మీ పాపని ఇంకా ఎవరూ తీసుకెళ్ళలేదండీ.” వెంటనే ఆయనకి చేశాను.

“నేను గేటు దగ్గరే ఉన్నాను! పది నిమిషాలు ముందే వచ్చాను!” గొంతులో ఎంత గర్వమో.

“ఏ గేటు?”

“ఏ గేటేంటి? గేటు!”

ఈ ఏడాది మొదటి నుంచీ పిల్లల్ని ఆటస్థలం వైపున్న వెనక గేటు నుంచి వదులుతున్నారు. ఆయన చివరిసారి వెళ్ళింది బుజ్జిది ఒకటో తరగతిలో ఉన్నప్పుడు. ఇప్పుడు మూడు. అరగంట నుంచీ తాళం వేసి ఉన్న గేటు ముందు నిలబడి ఉన్నాడు. చుట్టూ ఒక్క మనిషి లేకపోతే అందరూ లేటనుకున్నాడట. నేను వెనక గేటు అని చెప్పగానే పరుగెత్తాడు పాపం. ఆ పరుగు ఫోనులో వినిపించింది.

రాత్రి ఇంటికి వెళ్ళేసరికి బుజ్జిది ఎదురొచ్చి, “అమ్మా, నాన్న పాత గేటుకి వెళ్ళాడు!” అని పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. చీటీ తీసి నా ముందు పరిచాడు.

“నువ్వే చూడు. గేటు అని రాశావు. గేటుకే వెళ్ళాను. మారిందని రాయొద్దూ? నువ్వు సరిగ్గా రాసుంటే నేను సరిగ్గా చేసేవాణ్ణి.”

న్యాయంగానే ఉంది ఆ మాట. గేటు అనగానే నాకు వెనక గేటే గుర్తొస్తుంది. ఆయనకి వేరే గేటు ఉంటుందని నాకు తోచలేదు. ‘రేపు ఇంకా వివరంగా రాస్తాను’ అనబోయి, అలవాటుగా వచ్చిన ఆ మాటకి నాకే ఒళ్ళు మండి, నాలుక కరుచుకుని అత్తయ్య గదిలోకి వెళ్ళాను.

“మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారా అత్తయ్యా?”

ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, దిండు పైకెత్తింది. దిండు కింద గులాబీరంగు మాత్ర. నాలుగు నెలల కిందట డాక్టరు మాన్పించిన మాత్ర. నేను ‘ఎప్పుడూ పెట్టే చోటు’ అన్నది ఫ్రిజ్ మీద తెల్ల డబ్బా. ఆయన ఎరిగిన చోటు పొయ్యి పక్క అర. ఆ అరలో పాత డబ్బా ఇంకా ఉంది, పాత మాత్రలతో సహా.

“గ్లాసుతో నీళ్ళు కూడా తెచ్చి నిలబడ్డాడు” అంది అత్తయ్య గుసగుసగా. “చూడగానే పాతదని తెలిసింది. చెప్తే చిన్నబుచ్చుకుంటాడని నోట్లో వేసుకున్నట్టు చేసి దాచేశాను. తర్వాత నేనే లేచెళ్ళి కొత్తది వేసుకున్నాలే.”

కర్ర లేనిదే నడవలేని డెబ్భై రెండేళ్ళ మనిషి, కొడుకు చిన్నబోకూడదని తన మందు తానే దొంగతనంగా తెచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మంచం మీద కూలబడి, “అయితే ఈసారి డబ్బా రంగుతో సహా రాస్తాను” అన్నాను.

అత్తయ్య దిండు సరిచేసుకుంది. తర్వాత, “మా చెల్లెలి కాన్పుకి వెళ్దామని ఒకసారి నేనూ మీ మామగారికి చీటీ రాస్తూ కూర్చున్నాను. మూడు కాగితాలయ్యాయి. నాలుగోది తీసేసరికి ప్రాణం విసిగిపోయింది. ఇంత రాసే బదులు ఉండిపోవడమే తేలికనిపించింది. ఉండిపోయాను. ఆ తర్వాత ఎన్నిసార్లు అలా ఉండిపోయానో నాకే లెక్క లేదు. నువ్వు మాత్రం రాయకు” అంది.

“రాయకపోతే ఎలా అత్తయ్యా? ఆయనకేం తెలుసు?”

“నీకెవరు రాసిచ్చారే?”

ఆ ప్రశ్న నేనెన్నడూ వేసుకోలేదు. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో నాకేం తెలుసు? ఏ కొళాయి గట్టిగా తిప్పితే ఊడి వస్తుందో, మామగారికి టీలో చక్కెర ఎంతో, ఎవరికి ఏ కూర పడదో, ఏదీ తెలియదు. “ఇన్నాళ్ళయింది, ఇది కూడా తెలీదా?” అని మా ఆయన ఆశ్చర్యపోయిన రోజులు ఎన్నో. ఇదే అత్తయ్య ఆ రోజుల్లో మూతి తిప్పిన సందర్భాలూ ఉన్నాయి, అబద్ధమెందుకు. అడిగాను, తప్పులు చేశాను, మాటలు పడ్డాను, నేర్చుకున్నాను. బుజ్జిది పుట్టాక దాని జ్వరం గురించి, దాని స్కూలు గురించి, దాని బూట్ల కొలత గురించి నాకెవరూ చీటీ ఇవ్వలేదు. దాని వెంట ఉండి తెలుసుకున్నాను. మారినప్పుడల్లా మళ్ళీ తెలుసుకున్నాను. ఆయన ఎందుకు తెలుసుకోలేదంటే, తెలుసుకోవాల్సిన అవసరం నేనెప్పుడూ రానివ్వలేదు. స్కూలు నాకు ఫోను చేస్తుంది, నేను ఆయనకి చెప్తాను. డాక్టరు నాకు చెప్తాడు, నేను డబ్బా మారుస్తాను. చెప్పడం మర్చిపోతే తప్పు నాది. ఆయన చేసినప్పుడు అది సాయం. ఆలోచించినకొద్దీ కోపం వచ్చింది, ఆ కోపంలో చాలా భాగం నా మీదే.

గురువారం పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన్ని తలుచుకుంటున్నాను. తాళం వేసిన గేటు ముందు నిబ్బరంగా నిలబడ్డ మనిషి. దారి తప్పలేదు, తెలియని చోట తిరగలేదు. సరైన అడ్రస్‌కే వెళ్ళాడు, తన జ్ఞాపకంలో ఉన్న అడ్రస్‌కి. అక్కడ గేటు ఉంది కూడా. పాతది, అంతే. ఉంది కాబట్టే అనుమానం రాలేదు. గేటే లేకపోతే వెంటనే ఫోను చేసి ఉండేవాడు.

అప్పుడు తట్టింది, మెరుపు ప్రోగ్రాం ఎందుకు కూలలేదో.

ఒక స్టాపు ముందే దిగిపోయి ఆఫీసుకి దాదాపు పరుగెత్తాను. మెరుపు రాసిన ఒక్క లైన్లో తల్లి పంపింది అడ్రస్‌లనే. కానీ పిల్లలు పుట్టింది తల్లికి నకలుగా. అదే అడ్రస్‌లో వాళ్ళ దగ్గరా ఒక పాయ ఉంది. పుట్టిన క్షణం నాటి పాయ, ఆనాటి నీటితో. కాబట్టి ఏదీ కూలదు. అందరూ నిబ్బరంగా పాత లెక్క చదివి జవాబు చెప్తారు. మెరుపు పరీక్షించింది వాన లేని రోజుల లెక్కలతో. నీటిమట్టం మారనే మారని రోజుల్లో పాతదీ కొత్తదీ ఒకటే. నేను భారీ వాన లెక్కలు పెట్టి నడిపాను. దిగువ వంతెన దగ్గర మట్టం పన్నెండు గంటలూ గీత గీసినట్టు కదలకుండా నిలబడింది. ఎగువన ఆకాశానికి చిల్లు పడ్డా రెండే మీటర్లు. ఒకే అడ్రస్‌లో ఏముందో రెండు చోట్లా అచ్చువేయించి చూశాను. తల్లి దగ్గర ఆరు మీటర్లు. పిల్ల దగ్గర రెండు. నా నాలుగు వందల లైన్ల మీద మళ్ళీ నాకు ప్రేమ పుట్టింది.

శుక్రవారం మీటింగులో తల్లి దగ్గరి మట్టం ఒక గీతగా, పిల్ల దగ్గరిది ఒక గీతగా గోడ మీద వేసి చూపించాను. మెరుపు ముఖం పాలిపోయింది. “వంతెన మీద మనుషులుంటారు కదా మేడమ్” అని మాత్రం అన్నాడు, నెమ్మదిగా. తప్పు చూడగానే అటువైపు మనుషుల్ని చూసినవాడు కాబట్టే అతనంటే నాకు గౌరవం.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “మంచిదమ్మా, బాగా పట్టుకున్నావు. ఇలాంటివన్నీ సాయంత్రంలోగా డాక్యుమెంటులో చేర్చి మెరుపుకి ఇచ్చెయ్.”

“ఇలాంటివన్నీ అంటే ఏవి సార్?” అన్నాను. “ఇది పోయిన వారం నన్ను రాయమంటే నాకూ తెలీదు. రేపు అక్కడ ఏది పాతబడుతుందో ఇవాళ కాగితం మీద ఎలా పెట్టను? అక్కడుండి చూసేవాళ్ళకే తెలుస్తుంది. నేను వెళ్తాను.”

“అది కాదమ్మా, ఇంట్లో మరి...”

“మెరుపుని అడిగారా, ఇంట్లో మరి అని? అతనికి మూడు నెలల పాప ఉంది.”

మేనేజరు మెరుపు వైపు చూశాడు. పాప పుట్టిందని మిఠాయిలు పంచిన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. మెరుపు తల వంచుకుని, “మా ఆవిడకి నిద్ర లేదండీ. వద్దని ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను” అన్నాడు. మేనేజరు కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాశాడు. తలకిందులుగా చూసినా నా పేరు నేను గుర్తుపట్టగలను.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి మూడు చోట్లకి వెళ్ళాను. స్కూలుకి, డాక్టరు దగ్గరికి, మందుల షాపుకి. మూడు చోట్లా పుస్తకంలో మొదటి నంబరుగా ఉన్న నా నంబరు తీయించి ఆయన నంబరు రాయించాను. స్కూలు గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, “ఎప్పుడూ తల్లి నంబరే కదమ్మా ముందు రాస్తాం?” అంది. “ఇక నుంచి తండ్రిది రాయండి” అన్నాను. పాత మాత్రల డబ్బా ఖాళీ చేసి కడిగి బోర్లించాను. అంతకుమించి ఏమీ సర్దలేదు, ఏ రంగు చీటీలూ అంటించలేదు. రాత్రి ఆయనకి చెప్పాను, మూడు చోట్లా నంబరు మార్చానని, చీటీ ఉండదని.

“అదేంటి, తెలీకపోతే?” అన్నాడు కంగారుగా.

“అడగండి. నన్ను కాదు, వాళ్ళని.”

రెండు రోజులు ముభావంగా తిరిగాడు. అత్తయ్య మాత్రం కొడుకుని పిలిచి, తన మాత్రలు చూపించి, ఏది ఎప్పుడో తనే చెప్పింది. దాచకుండా, గుసగుసలాడకుండా, పక్క గదిలో నాకు వినపడేంత గట్టిగా.

సోమవారం పన్నెండింటికి నా రైలు. పెట్టె మూసి గుమ్మం దగ్గర పెట్టి చెప్పులు వేసుకుంటుండగా ఆయన ఫోను మోగింది. చూసి, అలవాటుగా నా వైపు చాచాడు. “స్కూలు నుంచి. నువ్వు మాట్లాడు.”

“మీకే చేశారు. మాట్లాడండి.”

ఒక్క క్షణం నన్నే చూసి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. “ఆఁ, పాప నాన్ననే అండీ... రేపా? ఎన్నింటికి?... ఒక్క నిమిషం, ఏ గేటు దగ్గరకి రమ్మంటారు?... ఆగండాగండి, రాసుకుంటాను.” భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, కాగితాల కోసం బల్ల సొరుగు లాగాడు. లేవు. టీవీ కింద చూశాడు. లేవు. వంటింట్లోకి వెళ్ళి అరలన్నీ తెరుస్తున్న చప్పుడు వినిపించింది.

కాగితాలు ఎక్కడుంటాయో నాకు తెలుసు. పెట్టె తీసుకుని మెట్లు దిగాను.